వంకాయ కాలింది వదినమ్మా

మల్లెకొండ రాజు విజయపాలుడికి ఓ పొద్దున దిగులు పట్టుకుంది. ముందురోజు ఆస్థాన విద్వాంసుడు భైరవయ్య పాడితే సభంతా ఆహా అంది, తానూ అన్నాడు. తెల్లారి చూస్తే ఒక్క ముక్క గుర్తులేదు.

"భైరవయ్యా, నాకు మతిమరుపు మొదలైందంటావా?"

"తమకా ప్రభూ!" అంటూ భైరవయ్య అక్కమాంబ వైపు చూశాడు. "మతిలేనివాళ్ళు పక్కన కూర్చుంటే ఆ గాలి సోకుతుంది. అంతే."

అక్కమాంబ రాజమాతకు కథలు చెప్పే పెద్దావిడ. కథలన్నీ నోటికి వచ్చు. తాంబూలప్పెట్టె ఎక్కడ పెట్టిందో మాత్రం రోజూ వెతుక్కుంటుంది.

"అయితే సాయంత్రం మళ్ళీ పాడు," అన్నాడు రాజు. "రేపు అందరూ అప్పజెప్పాలి. చెప్పలేనివాళ్ళు కొలువు వదిలిపోవాలి. పాట నిలిచిందా, నీకు జరీ శాలువా!"

అక్కమాంబ నెరిసిన జుట్టు తడుముకుంది. ఈ వయసులో ఇంకో కొలువెక్కడ?

సాయంత్రం భైరవయ్య విజృంభించాడు. ఒకసారి వచ్చిన పలుకు మళ్ళీ రాకూడదని ఆయన పట్టు. పాట కొండలెక్కింది, లోయలు దిగింది, దారి తప్పింది. అందరూ ఆహా అన్నారు.

"ప్రభూ, నాదీ ఒక చిన్న పాట," అంది అక్కమాంబ.

"వంటింటి పాటేనా?" నవ్వాడు భైరవయ్య.

"అదేనండీ. ఇంకేం వచ్చు నాకు!"

గొంతు తగ్గించి, నెమ్మదిగా, ప్రతి పాదం చివరా కిందికి జారుస్తూ అందుకుంది.

"వంకాయ కాలింది వదినమ్మా...
తొక్కొలిచే దిక్కులేదు వదినమ్మా...
రోలేమో ఖాళీ వదినమ్మా..."

సేనాపతి కళ్ళు తుడుచుకున్నాడు. ఏడుస్తున్నది వంకాయ కోసమని ఆయనకు తట్టనే లేదు.

అవే మాటలు ఈసారి గబగబా, తొడమీద దరువేస్తూ పాడింది. సభంతా కాళ్ళాడించింది. మూడో పాదం పైకెత్తి, ఇక దిగడమే తరువాయి అనగా, టక్కున ఆపేసింది.

"తర్వాత?" అన్నాడు రాజు ముందుకు వంగి.

"మర్చిపోయాను ప్రభూ."

"చూశారా!" అన్నాడు భైరవయ్య.

మర్నాడు కొలువు తీరింది. మంత్రికి 'ఆహా' ఒక్కటే గుర్తొచ్చింది. సేనాపతి పైకప్పు చూశాడు. భైరవయ్య పాట ఒక్కరికీ రాలేదు.

"నువ్వే మొదలు అందించవయ్యా," అన్నాడు రాజు విసుగ్గా.

రాత్రంతా కంటిమీద కునుకు లేని భైరవయ్య శ్రుతి సరిచూసుకున్నాడు, తాళం వేశాడు, కళ్ళు మూసుకున్నాడు.

"వంకాయ కాలింది వదినమ్మా..."

ఉలిక్కిపడి ఆపబోయాడు. నాలుక ఆగితేనా! రెండో పాదానికి మంత్రి గొంతు కలిపాడు, మూడో పాదానికి సభంతా కలిసింది. అక్కడ అందరూ ఊపిరి బిగబట్టారు. భైరవయ్య ఒక్కడే, ఆమె పాడకుండా వదిలేసిన, రాత్రంతా తనను సతాయించిన ఆ నాలుగో పాదాన్ని తానే అల్లి కమ్మగా కిందికి దించాడు.

"పచ్చడి నే నూరుతా వదినమ్మా!"

"హమ్మయ్య!" అంది సభ.

రాజు పొట్ట పట్టుకున్నాడు. నవ్వు ఆగాక అడిగాడు. "అక్కమ్మా, భైరవయ్య పాట నీకు గుర్తుందా?"

"లేదు ప్రభూ. మర్చిపోయిన నేరం నాదే. కానీ ఈ నేరంలో మొదటి ముద్దాయి ఆయనే కదా! ముందు ఆయన్ని పంపించండి, వెనకాలే నేనూ వెళ్తాను."

సభ మళ్ళీ గొల్లుమంది. ఎవరూ వెళ్ళక్కర్లేదన్నాడు రాజు. జరీ శాలువా అక్కమాంబ భుజాలమీద పడింది.

ఆమె దాన్ని సర్దుకుని చుట్టూ చూసింది.

"నా తాంబూలప్పెట్టె ఎవరైనా చూశారా?"

భైరవయ్య ఆమె ఒళ్ళోకే వేలు చూపించాడు, లోలోపల వదినమ్మకు పచ్చడి నూరుతూనే.