ఈరక్క చేతికొచ్చిన మోకు

ఇట్లా నా పక్కకి జరుగు నాన్నా. కాళ్ళు ముడుచుకో. చెప్తా విను.

అనగనగా వానలు ముఖం చాటేసిన ఒక ఊళ్ళో, ఆడవాళ్ళు నీళ్ళకోసం రోజూ రెండు కొండలు దాటి నడిచేవాళ్ళు. నడిచి నడిచి అలిసిపోయారు. అప్పుడు ఊరివాళ్ళంతా కలిసి బావి తవ్వే జట్టును పిలిపించుకున్నారు.

ఆ జట్టులో ఆరుగురు మగవాళ్ళు. వాళ్ళ మేస్త్రి పేరు వన్నూరప్ప. ఆయన గట్టు మీద నిలబడి మోకు, అదే లావుపాటి తాడు, పట్టుకుంటే చాలు, కిందకి దిగే మనిషికి భయముండేది కాదు. ఇరవై ఏళ్ళు ఆ ఆరుగురూ ఆయన వెంటే తిరిగారు.

వన్నూరప్పకి ఒక కోడలు, ఈరక్క. ఆమె మొగుడు లారీ తోలుకుంటూ దేశాలు తిరిగేవాడు. ఈరక్క మాత్రం కాపురానికొచ్చిన నాటినుంచి మన్ను తట్టలు మోసింది. పైకొచ్చిన మన్నును వేళ్ళతో నలిపి, కింద ఏముందో చెప్పడం మామ దగ్గరే నేర్చుకుంది.

బావి ఆరు నిలువుల లోతుకి పోయింది. అంటే ఆరుగురు మనుషుల్ని ఒకరి భుజాల మీద ఒకరిని నిలబెట్టినంత లోతు. నీళ్ళు ఇంకా పడలేదు. అప్పుడు వన్నూరప్పకి జ్వరం పట్టుకుంది.

నాలుగు రోజులు చూశారు, తగ్గలేదు. ఐదోనాడు ఆయన అందరినీ మంచం దగ్గరికి పిలిచాడు. మోకు తెప్పించి కోడలి చేతిలో పెట్టాడు. "ఇంక వీళ్ళు నీ మనుషులమ్మా" అన్నాడు. పొద్దు వాలకముందే కన్ను మూశాడు.

ఆ జట్టులో పెద్దవాడు కుళ్ళాయప్ప. ఎప్పుడూ బావి అడుగున గడ్డపార వేసేది అతనే. పైన గిలక లాగేది గంగన్న. మోకు కుళ్ళాయప్పకే వస్తుందని అందరూ అనుకున్నారు. అతనూ అనుకున్నాడు.

దినాలయ్యాక మళ్ళీ పని మొదలైంది. ఈరక్క తన భయం బయటపడకూడదని గొంతు పెంచింది. "కుళ్ళాయప్ప మామా, నీకు వయసైంది. ఇంక నువ్వు పైన గిలక దగ్గరుండు. గంగన్న కిందకి దిగుతాడు" అంది.

ఆమె మంచికే అంది నాన్నా. కానీ అతన్ని అడగలేదు. అందరి ముందరా అనేసింది.

ఆ రోజు గంగన్న కిందకి దిగాడు, కుళ్ళాయప్ప పైన గిలక లాగాడు.

రెండోరోజు ఈరక్క సంగటి ముద్దలు చేసి తెచ్చింది. ఆరుగురూ దూరంగా పోయి కూచుని తిన్నారు. తమ మధ్యలో ఒక మనిషి కూచునేంత చోటు ఖాళీగా వదిలిపెట్టుకున్నారు. అది వన్నూరప్ప చోటు. ఈరక్క అది చూసింది. ఆ చోట్లో కూచోడానికి ఆమెకి మనసు రాలేదు. ఒక్కతే రాయి మీద కూచుని తింది.

మూడోరోజు తెల్లారి ఈరక్క వచ్చేసరికి, కుళ్ళాయప్ప అప్పటికే బావిలోకి దిగి గడ్డపార వేస్తున్నాడు. "ఎవురు చెప్పినా వినలేదక్కా" అన్నాడు గంగన్న.

ఆ తర్వాత తట్ట పైకొచ్చింది. ఈరక్క అందులో చెయ్యి పెట్టింది. నిన్నటిదాకా గట్టిగా ఉన్న ఎర్రమన్ను, ఈరోజు తడి ఇసక. పిడికిట్లో నిలవకుండా జారిపోతోంది. అట్లాంటి ఇసక పొర కదిలితే, పైన ఉన్న గట్టంతా బావిలోకి కూలుతుంది.

"మామా, పైకి రా!" అని అరిచింది. గడ్డపార చప్పుడు ఆగలేదు. మళ్ళీ అరిచింది. ఆగలేదు. మూడోసారి అరవలేదు. మోకు గంగన్న చేతికిచ్చి, తనే కిందకి దిగింది.

అడుగున కుళ్ళాయప్ప మోకాళ్ళ మీద కూచుని తవ్వుతున్నాడు. చెంపల మీద చెమటా కన్నీళ్ళూ కలిసి కారుతున్నాయి.

"పో కోడలా" అన్నాడు. "జొరం వచ్చిన మొదటిరోజే మీ మామని ఆస్పత్రికి పోదాం రమ్మంటి. నీళ్ళు పడినాక పోదాం లేరా అన్నాడు. నేనూ సరే అంటి. ఎందుకంటినో! ఈ నీళ్ళు చూడకుండా నేను పైకి రాను."

ఈరక్క అతని పక్కనే మోకాళ్ళ మీద కూచుంది. గోడలోంచి ఇసక సన్నగా రాలుతోంది.

"మోకు నా చేతికి రాగానే నీ చోటు మార్చేస్తి మామా. నిన్ను ఒక మాట అడగలేదు. తప్పు నాదే" అంది. "నువ్వు ఎక్కడ పని చేయాలో నువ్వే చెప్పు, వింటా. కానీ ఈ ఇసక సంగతి మాత్రం నా మాట విను. నువ్వు రాకపోతే నేనూ ఇక్కడే కూచుంటా."

కుళ్ళాయప్ప గోడని చేత్తో తడిమాడు. వేళ్ళు లోపలికి దిగాయి. అప్పుడు గడ్డపార కింద పెట్టాడు.

ముందు అతన్ని పంపింది. ఆ తర్వాత తను ఎక్కింది. ఆమె కాలు గట్టు మీద పెట్టిందో లేదో, కింద పెద్ద చప్పుడైంది. దుమ్ము లేచింది. దుమ్ము తగ్గాక చూస్తే బావిలో నాలుగు నిలువులు పూడిపోయి ఉంది.

రెండు నెలల కష్టం నాన్నా! గంగన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఊరిపెద్ద పరిగెత్తుకొచ్చాడు. "ఆడమనిషి చేతికి మోకు ఇస్తే ఇట్లా కాక ఎట్లయితాది!" అన్నాడు. ఈరక్క తల దించుకుంది. అప్పుడు కుళ్ళాయప్ప ముందుకొచ్చాడు. "ఈమె లేకుంటే ఇప్పుడు నన్ను తవ్వి తీస్తాందురు సామీ" అన్నాడు. ఊరిపెద్ద వచ్చిన దారినే వెనక్కి పోయాడు.

ఆ మధ్యాహ్నం ఈరక్క ఆరుగురి ముందూ నేల మీద కూచుంది. "మన్ను సంగతి నాకు తెలుసు. రాయి సంగతి నాకు తెలీదు. ఎక్కడ మొదలుపెడదాం?" అని ఒక్కొక్కరినీ అడిగింది. రాతి పొర ఎటు వాలిందో కుళ్ళాయప్ప చూపించాడు. తవ్వినంత మేరకి గోడ కూలకుండా రాతికట్టు కట్టుకుంటూ పోదామన్నాడు గంగన్న. అలవాటు లేని పని, చాలా ఆలస్యమవుతుంది. అయినా సరే అంది ఈరక్క.

పాత బావికి పదిహేను అడుగుల అవతల మళ్ళీ ముగ్గు గీసి తవ్వడం మొదలుపెట్టారు. ఒక నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. మూడో నెలలో, ఏడు నిలువుల లోతున, కుళ్ళాయప్ప కాళ్ళ కింద నీళ్ళు ఊరాయి.

అతను దోసిలి నిండా నీళ్ళు తీసుకుని, తాగకుండా చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. పైన ఈరక్క తొందరపెట్టలేదు. మోకు పట్టుకుని అట్లాగే నిలబడింది.

ఆ తర్వాత వారానికి పక్క ఊరినుంచి పిలుపొచ్చింది. ఏడుగురూ గడ్డపారలు భుజాన వేసుకుని బయల్దేరారు. దారి తెలిసిన కుళ్ళాయప్ప ముందు నడిచాడు. నడకలో కాలు నొప్పి పట్టిన గంగన్న అందరికన్నా వెనకపడ్డాడు. మేస్త్రి ఈరక్క అతని పక్కనే, అతని అడుగుకి అడుగు కలుపుతూ నడిచింది.

కథ నడిచిపోయె కంచికి,
కునుకు నడిచివచ్చె నీ కంటి అంచుకి.