సీమోనును తిట్టిన దీనమ్మ

అనగనగా, అల్లరి ఆపి వినండి పిల్లలూ, ఒక అడవిలో దీనమ్మ అనే ముసలి కుందేలు ఉండేది. ఇంటినిండా మనవలే.

ఒక ఆదివారం గుడిలో కొంగ పాస్టరుగారు, "కొత్తవాళ్ళను సొంతవాళ్ళలా చేర్చుకోండి. ప్రభువుకు అదే ఇష్టం" అని చెప్పారు.

మర్నాడే వానలో తడుస్తూ సీమోను అనే ముళ్ళపంది వచ్చాడు.

"కొండచరియ జారి నా బొరియ పూడిపోయిందండీ. నాకెవరూ లేరు. కాస్త చోటిస్తారా?"

"అయ్యో, రండి రండి!" అంది దీనమ్మ.

ఇక మర్యాదలు మొదలయ్యాయి. మొదటిరోజు మెడలో బంతిపూల దండ వేశారు. అది ముళ్ళకు చిక్కుకుని ఎంతకీ రాలేదు. తేనెటీగలు మాత్రం వచ్చాయి. రెండోరోజు మనవలంతా అరటాకులతో విసిరి విసిరి సీమోనుకు జలుబు తెప్పించారు. మూడోరోజు అతను అన్నం తింటుంటే అందరూ వరసగా నిలబడి, "నమిలారాండీ? మింగారాండీ?" అని అడిగారు.

నాలుగోరోజు సీమోను, "నేను వెళ్ళొస్తానండీ" అన్నాడు.

"ఈ వానలో ఎక్కడికండీ? ఏం తక్కువ చేశాం?"

"ఏమీ తక్కువ కాలేదండీ. మీలో మీరు నవ్వుకుంటారు, పోట్లాడుకుంటారు. నేను రాగానే లేచి నిలబడతారు. మీ అందరి మధ్యా ఒంటరిగా ఉందండీ."

'చోటిచ్చాను గానీ చేర్చుకోలేదే!' అనుకుంది దీనమ్మ. గడప దగ్గర అతని కాళ్ళవైపు చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒరేయ్ సీమోనూ! ఆ బురద కాళ్ళేంట్రా? ఇప్పుడే అలికాను! పో, కడుక్కుని రా! వచ్చేటప్పుడు బిందెడు నీళ్ళు తే!"

మనవలు నోళ్ళు తెరిచారు. సీమోను భోరుమన్నాడు.

"మా అమ్మ పోయాక నన్నెవరూ తిట్టలేదు అమ్మమ్మా!" అంటూ బిందె ఎత్తుకుని పరుగుతీశాడు.

ఆ మధ్యాహ్నం భోజనం ముందు ప్రార్థన అయ్యీ అవకముందే తబిత అనే మనవరాలు సీమోను చేతిలోని చిలగడదుంప లాక్కుంది.

"అమ్మమ్మా! ఇది నా దుంప తినేస్తోంది!"

"వాడే ముందు నన్ను నాలుక చాపి వెక్కిరించాడు!"

"ఇద్దరూ నోరు మూసుకుని తినండి!" అంది దీనమ్మ. ఆ గోలలో వినపడని ఆమెన్ కూడా మళ్ళీ గట్టిగా చెప్పుకుంది.

నీతి: ఇంటికొచ్చినవాళ్ళకు మర్యాద ఒక్కటే ఇస్తే చాలదు, మన పనిలో, మన పోట్లాటల్లో కూడా భాగమిస్తేనే వాళ్ళు మనవాళ్ళవుతారు.