పైడయ్య బండి ఇరుసు

అనగా అనగా, నిజమూ అబద్ధమూ ఒకే సంతలో పక్కపక్కన అమ్ముడుపోయే రోజుల్లో, పైడయ్య అనే ముసలి బండివాడు ఉండేవాడు. ఎద్దులు పోయాయి, నడుం వంగింది. మిగిలిన బండిని అమ్మితే వానలకు ముందే ఇంటికి తాటాకు కప్పించుకోవచ్చని, అరువు ఎద్దులతో పాతబండ్ల సంతకు తోలుకొచ్చాడు.

ఆ సంతకు ఒక ఆచారం ఉంది. అమ్మినవాడు కొన్నవాడితోపాటు అదే బండెక్కి, వాగు దాటేదాకా సాగనంపాలి.

పొద్దున్నే ఒక షావుకారు వచ్చాడు. నొగలు వంకరన్నాడు, చక్రాలు చిన్నవన్నాడు. పైడయ్య ఓపిగ్గా విని, "అవేమీ కాదు బాబూ, ఇరుసుకు బీట ఉంది" అన్నాడు. "చెప్పింది ఇదైతే చెప్పనివి ఇంకెన్నో" అంటూ షావుకారు వెళ్లిపోయాడు.

తర్వాత ఒక రైతు వచ్చాడు. బీట మాట వినగానే పక్కనే బండ్లమ్మే దాలినాయుడి దగ్గర బండి కొనుక్కున్నాడు. ఆ బండికి నూనె మెరుగు తప్ప గట్టిదనం లేదు. దాలినాయుడు మోకాలు నొప్పని చెప్పి సాగనంపడానికే వెళ్లలేదు.

"యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా బావా?" అంటూ దాలినాయుడు లక్కా మసీ కలిపి పైడయ్య బండి బీట మీద పూశాడు. పైడయ్య వద్దనలేదు. నిజం చెప్పీ చెప్పీ అలిసిపోయాడు పాపం.

పొద్దు వాలుతుండగా కుండలమ్మే లచ్చన్న, తన ఎద్దులతో, ముసలి తల్లితో వచ్చాడు. "బండి గురించి ఏమైనా చెప్పాలా పెద్దాయనా?" అని అడిగాడు.

"మంచి బండే" అన్నాడు పైడయ్య, నేల చూస్తూ.

బేరం కుదిరింది. ముగ్గురూ బండెక్కారు. లచ్చన్న తల్లి తన చాపలో సగం పైడయ్యకు పరిచింది. "నడిచి నడిచి కాళ్లు అరిగిపోయాయన్నా. నీ పుణ్యమా అని ఇవాళ బండెక్కాను" అంది. కింద ఇరుసు కిర్రుమంటోంది. వాగు దగ్గర పడుతోంది. పైడయ్యకు సిగ్గేసింది.

"బండి ఆపు నాయనా. ఇరుసు బీటలు వారింది. మసి పూసి దాచాం. ఇదిగో నీ పైకం."

లచ్చన్న బండి ఆపి, వంగి ఇరుసుకేసి చూశాడు. తల్లి అంది: "మా పాత బండికి చక్రాలు విరిగాయి గానీ ఇరుసు గట్టిదే. దాన్ని దీనికి వేసుకుంటాం. సంతలోనే చెప్పినా కొనేవాళ్లం కదన్నా."

వడ్రంగి కూలికని కొంత పైకం పైడయ్య తిరిగి ఇచ్చాడు. లచ్చన్న తీసుకున్నాడు. ముగ్గురూ దిగి, ఖాళీ బండిని మెల్లగా వాగు దాటించారు. నడివాగులో దాలినాయుడు అమ్మిన బండి ఒరిగిపోయి ఉంది. గట్టున ఆ రైతు తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత దాలినాయుడి దగ్గర ఎవరూ బండి కొనలేదు.

చేతిలో మిగిలిన పైకంతో పైడయ్య ఇంటికి ముప్పాతిక వంతే తాటాకు పడింది. కురిసే మూలన పెట్టుకోమని లచ్చన్న ఒక కుండ ఇచ్చాడు. వాన చప్పుడు వింటూ ముసలాయన హాయిగా నిద్రపోయాడు.

పాత వస్తువుకు బీట ఉండవచ్చు గానీ, అమ్మేవాడి మాటకు ఉండకూడదు.