మేకుకు తగిలించిన ఊపిరి

ఆ బుధవారం ఉదయం పైడిరాజు ఎడిటింగ్ గదికి వచ్చేసరికి అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెప్పులు విప్పాడు గానీ కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"గురువుగారూ, రెండిట్లో ఒకటి వదిలెయ్యమంటారా?" అన్నాడు.

మస్తాన్ వలీ గారు హెడ్‌ఫోన్లు ఒక చెవి మీద నుంచి కాస్త జరిపారు. సినిమాలకు శబ్దం కూర్చడం ఆయన నలభై ఏళ్లుగా చేస్తున్న పని. యూసఫ్‌గూడలో, రెండో అంతస్తులో, ఆ ఇరుకు గది ఆయనదే. పైడిరాజు ఆరేళ్లుగా ఆయన దగ్గరే ఉన్నాడు. ఉదయం పూట ఇక్కడ కూర్చుని నటుల మాటల్లో దుమ్మూ ధూళీ ఏరతాడు. మధ్యాహ్నం నుంచి వేషాల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు.

"ఏ రెండు?"

"నటన ఒకటి, ఈ పనొకటి. ఒకదాని వల్ల ఇంకోటి పాడైపోతోందండి."

"ఏది దేన్ని పాడుచేస్తోంది?"

అది తెలిస్తే పైడిరాజు అంత భయపడేవాడు కాదు.

ఇన్నేళ్లకు అతనికి ఒక మంచి వేషం దొరికింది. సముద్రంలో పడవ తిరగబడి తమ్ముడు పోతాడు. అన్న ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, శవాల గదిలో గుడ్డ తొలగించి చూపిస్తే గుర్తుపట్టాలి. మాటలు రెండే. "ఆడేనండి. మా తమ్ముడే." విజయనగరం వాడు కాబట్టి ఆ యాస అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు.

మన సినిమాల్లో షూటింగ్‌లో పలికిన మాటను పారేసి, తర్వాత స్టూడియోలో మళ్లీ చెప్పించుకోవడం మామూలే. ఒకడి ముఖానికి ఇంకొకడి గొంతు తగిలించినా అడిగేవాడు లేడు. దర్శకురాలు వైదేహి మాత్రం అక్కడ పలికిందే ఉంచుతానని పట్టుబట్టింది. అదే పైడిరాజు ప్రాణం మీదికి వచ్చింది.

మైకును అతని చొక్కా కాలరు లోపల దాచారు. మిగతా నటులు అలాంటి మైకును పెట్టగానే మర్చిపోతారు. ఇతను ఎలా మర్చిపోతాడు? గుటక వేస్తే అది ఎలా వినిపిస్తుందో తెలుసు. ఊపిరి తీస్తే ఎంత పెద్దగా పడుతుందో తెలుసు. కెమెరా తిరుగుతుంటే తమ్ముడి శవం కనబడలేదు, తన గొంతులో జరిగేదంతా వినబడింది. నాలుగు టేకులు పాడయ్యాయి. అయిదోసారి ఎలాగో ఆ రెండు ముక్కలూ అన్నాడు. వైదేహి "ఓకే" అంది.

ఇప్పుడు ఆ సినిమా శబ్దం పని మస్తాన్ వలీ గారి గదికే వచ్చింది. ఆ సీను పైడిరాజు బల్ల మీదికే వచ్చింది. తన గొంతు తను విని హడలిపోయాడు. ప్రతి సందులోనూ భయమే. మాట కంటే ముందు ఊపిరి వణుకుతోంది. గుటక, దాని వెనక ఇంకో గుటక. ఇదంతా రేపు మూడింటికి, శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ థియేటర్‌లో, గోడంత స్పీకర్లలో వైదేహి వింటుంది. నచ్చకపోతే శుక్రవారం ఇంకెవరి చేతనో డబ్బింగ్ చెప్పిస్తామని నిర్మాత మనుషులు అప్పుడే చెప్పేశారు. ఆ చెప్పేవాణ్ని కూడా మాట్లాడిపెట్టుకున్నారట. అంటే పైడిరాజుకు దొరికిన ఒకే ఒక్క వేషంలో అతని ముఖం ఉంటుంది గానీ అతను ఉండడు. గొంతు మార్చిన నటుణ్ని మళ్లీ ఎవరు పిలుస్తారు?

ఇదంతా విని మస్తాన్ వలీ గారు, "సరే, ముందు ఆ సీను పని చూడు" అని హెడ్‌ఫోన్లు సర్దుకున్నారు.

పైడిరాజు చూశాడు. మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. ఊపిరి దొరికిన చోటల్లా కోశాడు. గుటకలు తీసేశాడు. "ఆడే" అన్నప్పుడు మొదటి అక్షరం వణికితే, పాడైపోయిన మూడో టేకులోంచి గట్టి "ఆ" ఒకటి తెచ్చి అతికించాడు. అతుకు దేవుడికి కూడా తెలియదు. అంత బాగా పని చేయడం అతనికి అంతకుముందెప్పుడూ కుదరలేదు. సాయంత్రం ఇంటికి వెళ్తుంటే కాస్త ధైర్యం వచ్చింది.

గురువారం పదకొండింటికి గురువుగారిని కూర్చోబెట్టి వినిపించాడు. ఆయన తెర వైపు వీపు పెట్టి, కళ్లు మూసుకుని విన్నారు. "ఆడేనండి. మా తమ్ముడే." స్వచ్ఛంగా, గంట కొట్టినట్టు ఉంది.

ఆయన కళ్లు తెరిచారు.

"ఇందులో చచ్చిపోయింది ఎవరయ్యా? తమ్ముడా, అన్నా?"

పైడిరాజు అప్పటిదాకా బాగుందంటారేమో, ఒక్క మాట అంటారేమో అని కాచుకున్నాడు పాపం.

"తీసినయ్యన్నీ ఏడ పెట్టావు?"

"మేకు మీదే ఉన్నాయండి."

ఫిల్మును చేత్తో కోసే రోజుల్లో కోసిన ముక్కల్ని వరసగా మేకులకు వేలాడదీసేవారు. ఎప్పుడు ఏది కావాల్సివస్తుందో ఎవరికి తెలుసు? కంప్యూటర్లు వచ్చి మేకులు పోయాయి. ఆ గదిలో మాత్రం ఏ శబ్దం తీసినా పారేయకుండా, అది ఉన్న చోటికి సరిగ్గా కిందనే ఒక ట్రాక్‌లో పెట్టాలి. ఆ ట్రాక్ పేరు మేకు. మామూలుగా దాని నోరు మూసే, అంటే వినబడకుండానే ఉంచుతారు.

మస్తాన్ వలీ గారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. తెర ఆపేశారు. మాటలున్న ట్రాక్ నోరు మూశారు. మేకు ట్రాక్ ఒక్కటే తెరిచి నొక్కారు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక ఊపిరి లోపలికి పోయింది. బయటికి రాలేదు. ఎంతసేపటికీ రాలేదు. ఒక గుటక. నాలుక అంగిటికి అంటుకుని విడివడిన చిన్న చప్పుడు. అప్పుడు వచ్చింది ఆ ఊపిరి, ముక్కలు ముక్కలుగా. మళ్లీ ఏమీ లేదు. మాట ఉండాల్సిన చోట ఒట్టి "ఆ", వణుకుతూ. ఇంకో గుటక.

ఆ గుడ్డ కింద ఎవరున్నారో చూడొద్దు, చూడొద్దు అని లోపలెవరో అరుస్తున్నట్టు ఉంది.

"ఆపండి గురువుగారూ."

ఆయన ఆపలేదు. చివరిదాకా పోనిచ్చారు.

"అది నటన కాదండీ" అన్నాడు పైడిరాజు. ఇంటి మాట బయటికొచ్చింది. "నిజంగానే బయ్యమేసిందండి నాకు. సచ్చినోణ్ణి సూసి కాదు, మైకుని సూసి బయ్యపడ్డాను. ఆవిడకి తెలిసిపోద్ది. ఈడికి సేతకాదని తెలిసిపోద్దండి."

"నీకు భయమేసింది, సరే. ఆ అన్నకి వెయ్యలేదంటావా?"

అంతే అన్నారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన బల్ల వైపు తిరిగి, నిన్న సగంలో ఆపిన వాన శబ్దం పనిలో పడిపోయారు.

పైడిరాజు మేకు మీది ముక్కల్ని ఒక్కొక్కటే పైకి తెచ్చి వాటి చోట పెట్టడం మొదలుపెట్టాడు. అతికించిన గట్టి "ఆ" తీసి వణికే "ఆ" పెట్టాడు. పెట్టిన కొద్దీ ధైర్యం పెరిగిందని చెబితే అబద్ధం. శుభ్రం చేసినదాన్ని కూడా పక్కనే ఉంచుకున్నాడు. ఏ నిమిషానికి ఏ బుద్ధి పుడుతుందో అతనికే నమ్మకం లేదు.

మూడింటికి థియేటర్‌లో వైదేహి ముందు వరసలో కూర్చుంది. నిర్మాత తరఫు మనుషులిద్దరు ఆమె వెనక కూర్చున్నారు. మస్తాన్ వలీ గారు మిక్సింగ్ బల్ల దగ్గర తన కుర్చీ వదిలేసి పక్క కుర్చీలో కూర్చున్నారు.

"నువ్వే వెయ్యి" అన్నారు.

లైట్లు తగ్గాయి. రెండు ట్రాకులూ పైడిరాజు కళ్ల ముందే ఉన్నాయి. శుభ్రమైనది నొక్కితే ఎవరూ ఏమీ అనరు. వేలు అటు పోయి, ఆగి, ఇటు వచ్చింది. నొక్కాడు.

గోడంత స్పీకర్లలో అతని ఊపిరి లోపలికి పోయింది. పైడిరాజు తల వంచుకున్నాడు. తెర మీద తన ముఖం ఎలా ఉందో అతను చూడలేదు. రెండు మాటలూ అయ్యాయి. సీను అయిపోయింది. లైట్లు రాలేదు.

"మాస్టారూ" అంది వైదేహి, వెనక్కి తిరగకుండానే. "మాటకి ముందు ఆ ఊపిరి ఉంది చూశారా... అది ఇంకొంచెం పెంచగలరా?"

"నన్నడగమాక తల్లీ. పని ఆయనది" అన్నారు మస్తాన్ వలీ గారు.

పైడిరాజు చెయ్యి చాచాడు. మీట మీద వేళ్లు పెట్టి, ఆమెను కాదు, గురువుగారిని చూశాడు.

"ఎంత పెంచమంటారండీ?"

"నువ్వు వినగలిగినంత" అన్నారాయన.