ఆగయ్య జాగాలో

శేరుపల్లి ఓదెలు సారును ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. ముప్పై మూడేళ్లు ఆ గనుల ఊరి బడిలో డ్రిల్లు మాస్టరుగా ఉండి, బొగ్గు పనివాళ్ల పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిన మనిషి ఆయన. పెనాల్టీకి ఎటు దూకాలి సారూ అని అడిగిన గోల్‌కీపర్‌ను వారం రోజులు గోలు వెనక నిలబెట్టి, కొట్టేవాళ్ల కాళ్లు చూస్తూ ఉండమన్నారే తప్ప ఒక్క ముక్క చెప్పలేదట. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు చిన్నప్పుడు ఆ అలవాటును విసుక్కున్నారు. పెద్దయ్యాక, దారి తోచనప్పుడల్లా ఆ గుమ్మంలోకే వచ్చి నిలబడేవారు.

శ్రావణమాసంలో ఒక సాయంత్రం అలా వచ్చినవాడు రాజమొగిలి. ఒకప్పుడు శేరుపల్లి జట్టులో ఎడమ వింగులో ఆడాడు. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్లు, జట్టు కమిటీకి అధ్యక్షుడు. కూర్చోమన్నా కూర్చోకుండా అడిగాడు.

"సారూ, సరైన మనిషిని ఎట్ల గుర్తుపట్టాలె?"

ఎవరి జాగాలో అని సారు అడగలేదు. అడగవలసిన పని లేదు. ఇరవై ఆరేళ్లు ఆ జట్టును నడిపిన ఆగయ్య మొన్న మాఘంలో గుండె ఆగి పోయాడు. ఆటగాళ్లను ఎంచడం, ఆట నేర్పడం, పై ఊళ్లకు బస్సు మాట్లాడటం, దెబ్బ తగిలినవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోవడం, అన్నీ ఆయనే చూసేవాడు. ఆ పనికి ఒక పేరు కూడా ఉండేది కాదు. ఇప్పుడేమో లీగువాళ్లు, హెడ్ కోచ్ వేరు, జనరల్ మేనేజర్ వేరుగా ఉండాలి, ఇద్దరి పేర్లూ రాసి పంపండి అన్నారు. ఆరు నెలల్లో రాజమొగిలి తొమ్మిది మందిని పిలిపించి మాట్లాడి, తొమ్మిది మందినీ తిప్పి పంపాడు. మొదటి ఆటకు ఇంక ఇరవై రోజులే ఉంది. ఇద్దరు ఆటగాళ్లు అప్పుడే వేరే ఊరి జట్టుకు వెళ్లిపోయారు.

ఆ తొమ్మిది మందిలో పనికిరానివాళ్లే ఉన్నారని కాదు. ఖమ్మం వైపు నుంచి జకరయ్య అనే ముప్పై నాలుగేళ్ల కోచ్ వచ్చాడు. కప్పు ఎన్నేండ్లల్ల తెస్తవని కమిటీ అడిగితే, "ముందు పిల్లల ఆట చూడాలి కదన్నా, చూడకుండా ఏం చెప్పను?" అన్నాడు. అతని గొంతు రెండో వరసలో కూర్చున్నవాళ్లకు వినపడలేదు. మేనేజర్ పనికి విమల అనే ఆవిడ వచ్చింది. తొమ్మిదేళ్లు ఆడపిల్లల క్రీడా హాస్టల్ నడిపింది. శేరుపల్లి జట్టులో ఎవరి మోకాలు ఎప్పుడు దెబ్బతిన్నదో, ఎవరికి ఏ షిఫ్టు పడితే సాధనకు రాలేకపోతున్నారో ముందే కనుక్కుని వచ్చింది. కానీ ఆమె ఎన్నడూ బంతి తన్నిన మనిషి కాదు. ఇద్దరికీ కబురు చేస్తామని చెప్పి పంపించారు.

అసలు సంగతి రాజమొగిలికే తెలుసు. కమిటీ గది తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆగయ్యే వస్తున్నాడేమోనని అతని చూపు అటు ఉరికేది. వచ్చినవాడు లోపలికి అడుగుపెట్టగానే ఆ ఆశ చప్పబడిపోయేది. ఆ తరవాత ఆ మనిషి ఏం మాట్లాడినా అతని చెవికి ఎక్కేది కాదు. ఓడిన రోజు బస్సులో ఏమీ అనకుండా పక్కన వచ్చి కూర్చుని, మెడ మీద చెయ్యి వేసే మనిషి కావాలి అతనికి. "మొగిలిగా, నీ కాళ్లు ఉరుకుతున్నయి గని నీ తల్కాయ ఇంటికాన్నే ఉన్నది" అని నలుగురిలో తిట్టే మనిషి కావాలి. నలభై ఎనిమిదేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తండ్రి, ఎవరైనా తిడితే బాగుండునని ఎదురుచూస్తున్నాడంటే ఎవరికి చెప్పుకుంటాడు?

"ఎసుంటోళ్లు కావాల్నో రాసుకున్నవా?" అన్నారు సారు.

రాజమొగిలి చొక్కా జేబులోంచి కాగితం తీసి ఇచ్చాడు. సారు దాన్ని విప్పనైనా విప్పకుండా తిరిగి ఇచ్చేశారు.

"భూలక్ష్మికి సదివి వినిపించి రా. ఒక్క అక్షరం ఇడ్వకు."

భూలక్ష్మి ఆగయ్య భార్య. దినాలు అయిన రోజు తరవాత రాజమొగిలి ఆ ఇంటి గడప తొక్కలేదు. బజారులో ఆమె ఎదురైతే పక్క సందులోకి తప్పుకున్న రోజు కూడా ఉంది. సారు మాట కాదనలేక మర్నాడు పొద్దున వెళ్లాడు. వసారాలో కూర్చుని ఆమె కూరకు గోకరకాయలు తుంపుతోంది.

"దొరికిందా తొవ్వ?" అంది, తల ఎత్తకుండానే. తరవాత చాప కొంచెం అతని వైపు జరిపింది.

క్షమించమని అడగాలనుకున్నవాడు ఆ మాట నోట రాక, కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. మైదానంలో ఎంత గోల ఉన్నా ఆయన మాట అందరికీ వినపడాలి. పెద్ద జట్టులో ఆడినవాడై ఉండాలి. ఎవరు ఎంత మాట అన్నా కోపం రాకూడదు. ఆటగాణ్ణి చూడగానే ఏ జాగాలో నిలబెట్టాలో తెలిసిపోవాలి. ఓడినా ధైర్యం చెడకూడదు. అలా పేజీ నిండా ఉంది. కోపం అన్న మాట దగ్గర భూలక్ష్మి చేతులు ఆగాయి. చదవడం అయ్యేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"మంచిగ రాసినవ్ మొగిలీ. ఇసుంటోడు దొరికితె నాకు గుడ ఒకపారి చూపియ్యి. ఇరవై ఆరేండ్లల్ల నేనైతె చూడలె."

"అదేంది వదినె! ఇది ఆగన్ననే కదా."

"మీ అన్నకు కోపం రాదా? మందమర్రి పోరగాండ్ల చేతిల ఓడిపోయొచ్చిన్నాడు అన్నం గిన్నె తీసి గోడకు కొట్టింది ఎవలు మరి? ఆ సొట్టగిన్నె ఇంక ఇంట్లనే ఉన్నది. పెద్ద జట్టుల ఆడిండా? హైద్రాబాదుల ఒక్క ఏడు బెంచీ మీద కూసోని వచ్చిండు. గొంతు అంటివి. ఆయన కొత్తల మాట్లాడుతుంటె ఏమంటున్నడో తెల్వక మీరే గదా నవ్విన్రు?"

రాజమొగిలి ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"మొదటి ఏడు ఎన్ని ఆటలు ఓడిన్రో యాదికున్నదా?"

"ఓడినం వదినె. కొన్ని ఓడినం."

"పదకొండు ఆడితె తొమ్మిది. ఆయనను తీసెయ్యాల్నని సంతకాలు జమచేసింది ఎవలు?"

రాజమొగిలి ఆ సంతకాల సంగతి మరిచిపోయాడని చెప్పడానికి లేదు. ఇరవై ఆరేళ్లలో ఒక్కనాడూ దాని వైపు చూడలేదు, అంతే. గీతల కాగితం, గని గేటు ముందరి చాయ్ హోటల్, బల్ల బల్లకూ తిరిగి కలం అందించిన తన చెయ్యి, అన్నింటికన్నా పైన ఒంపులు తిప్పి పెట్టిన తన సంతకం. అప్పుడతనికి ఇరవై రెండేళ్లు. అంతకు ముందరి కోచ్ బదిలీ మీద వెళ్లిపోయాడు. ఆ కోచ్‌ను తలచుకుని తలచుకుని, ఆయన జాగాలో వచ్చినవాణ్ణి చూస్తేనే ఒళ్లు మండేది.

"ఆ కాయితం మీరు ఓదెలు సారుకు ఇస్తిరి, కమిటీల పెట్టుమని" అంది భూలక్ష్మి. "సారు కమిటీల పెట్టలె. తెచ్చి ఈయన చేతిలనే పెట్టిండు. మూడు రోజులు మాట లేదు ఈయనకు. నాలుగో నాడు పొద్దుగాల లేసి గడ్డం గీసుకొని మీ ఇంటికి పోయిండు. వచ్చినంక అడిగితె ఏం లేదన్నడు. ఎన్నిపార్లు అడిగినా చెప్పలె. ఇగ ఆయనను అడిగేటట్టు లేదు. నువ్వన్న చెప్పు. ఏం మాట్లాడుకున్నరు ఆనాడు?"

ఆమె అడిగిన తీరుకు అతనికి దుఃఖం పొంగుకొచ్చింది. ఆగయ్య కోసం వెతుకుతున్నది తనొక్కడే అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఆమె కూడా వెతుకుతోంది. చేతికందని ఒక్క పొద్దుటి పూట కోసం వెతుకుతోంది. అది తన దగ్గరే ఉండిపోయింది, తనేమో సందుల్లోకి తప్పుకు తిరిగాడు.

కళ్లు తుడుచుకుని చెప్పాడు. ఆగయ్య వాకిట్లోకి వచ్చాడు. మంచం వాల్చబోతే వద్దని అరుగు మీదే కూర్చున్నాడు. "నన్ను తీసేస్తే తీసేయున్రి, దానికేం లేదు. గని ఒక్కటి చెప్పు మొగిలీ. నా మాట మీకు ఏడ సమజ్ అయితలేదు?" అన్నాడు. ఇరవై రెండేళ్ల పొగరు తనది. చెప్పాడు. రెండు గంటలు చెప్పాడు. నువ్వు పది సంగతులు ఒక్కపారే చెప్తవు. ఒకడు తప్పు చేస్తే అందరినీ తిడతవు. ఓడినంక మా మొహాలు చూడకుండ బస్సుల ముందట పోయి కూసుంటవు. అన్నీ తల వంచుకుని విన్నాడు ఆగయ్య, ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. చివరికి మంచినీళ్లు ఇమ్మని అడిగాడు. లేచి, "మాపటికి గ్రౌండుకు వస్తవు గద?" అన్నాడు.

"నీళ్లు అడిగిండా?" అంది భూలక్ష్మి.

"అడిగిండు వదినె. రెండు గిలాసలు తాగిండు."

"ఒకల ఇంట్ల నోరు తెరిచి నీళ్లడిగే మనిషి కాదు" అంది ఆమె. రెండు గిలాసలు అని ఒకసారి తనలో తను అనుకుంది. తరవాత లేచి లోపలికి వెళ్లి అన్నం పెట్టింది. అతను తిని వచ్చాడు.

ఆ వారం కమిటీ కూర్చున్నప్పుడు రాజమొగిలి జకరయ్య పేరు, విమల పేరు ముందు పెట్టాడు. ఒక పెద్దమనిషి ఒప్పుకోలేదు. "అతనికి నోట్లె మాట లేదు. ఆమెకు ఆట రాదు. ఏం చూసి పెడ్తున్నవయ్యా?" అన్నాడు. "ఆయన పిల్లల ఆట చూడందే చెప్పనన్నడు. ఆమె అడగకముందే చూసొచ్చింది. నాకు కానొచ్చింది అంతే" అన్నాడు రాజమొగిలి. సగం మంది సణుగుతూ ఒప్పుకున్నారు. పేర్లు లీగుకు వెళ్లాయి.

ఇక్కడితో కథ సుఖంగా ముగిసిందని చెప్పగలిగితే చెప్పేవాళ్లమే. మొదటి నాలుగు ఆటల్లో శేరుపల్లి మూడు ఓడింది, ఒకటి సమానం చేసింది. జకరయ్య ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్ల జాగాలు మార్చేశాడు. విమల మోకాలు వాచిన కెప్టెన్‌ను రెండు ఆటలు ఆడనివ్వలేదు. జనం గ్యాలరీలోంచి ఆగయ్య పేరు పెట్టి అరిచారు, వీళ్లకు వినపడాలనే. ఆ పేరు అలా వినపడితే రాజమొగిలి, ఆయనే వచ్చినట్టు, తల తిప్పి చూశాడు. నాలుగో ఆట అయ్యాక మైదానం ఖాళీ అయింది. చినుకుల్లో జకరయ్య ఒక్కడే గోలుకు కట్టిన వల విప్పుకుంటున్నాడు. ముడి బిగుసుకుపోయినట్టుంది, పళ్లతో లాగుతున్నాడు. రాజమొగిలి గేటు దగ్గర కొంచెంసేపు నిలబడి చూసి, గొడుగు విప్పుకుని వచ్చేశాడు. నేరుగా ఓదెలు సారు ఇంటికే వచ్చాడు.

చూసింది చూసినట్టు చెప్పాడు. వల సంగతి కూడా దాచలేదు. చెప్పి, "సారూ, నేను ఎంచింది సరైనోళ్లనేనా?" అని అడిగాడు.

సారు వాన వైపు చూస్తూ కూర్చున్నారు.

"ఆగయ్య యాదికొస్తడా?"

"రోజూ వస్తడు సారూ. ఒక్క దినం ఇడ్వడు."

"నాకు గుడ వస్తడు" అన్నారు సారు. ఆయన కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకునేదాకా రాజమొగిలి అలాగే నిలబడ్డాడు. మళ్లీ పెట్టుకుని, అతని చేతిలో నీళ్లు కారుతున్న గొడుగు వైపు ఒకసారి, మొహం వైపు ఒకసారి చూశారు.

"ఎంచుడు అయిపాయెనని నీకెవలు చెప్పిన్రు? పో, ఆ వల ముడి ఇప్పెటందుకు నువ్వొక చెయ్యి ఎయ్యి."