దీపం గరిటె కడిగిన నీళ్లు

"భంతే, నేను వెళ్లిపోతాను," అన్నాడు నందిసేనుడు.

కృష్ణ ఒడ్డున, కొండ మీది బౌద్ధారామంలో దీపాల పని అతనిది. భిక్షాపాత్ర అప్పగించి పోదామని చేత్తో పట్టుకునే వచ్చాడు. గురువు బోధిరక్షితుడు అరుగు మీద కూర్చుని కాళ్లు ఎండకి చాపుకున్నాడు.

"ఏమొచ్చింది నాయనా?"

"ధ్యానంలో ఉన్నంతసేపూ మనసు చల్లగానే ఉంటుంది. లేచానా, చిన్న మాటకే చెదిరిపోతుంది. నిన్న వంటాయన ఏదో అంటే రాత్రంతా నిద్రపట్టలేదు. నా శాంతి మరీ పల్చన, భంతే. శాంతంటే పేరిన నెయ్యిలా గట్టిగా ఉండొద్దూ?"

ఆరామం అంటే ప్రాణం పాపం. చేతకాదని పోతున్నాడు, అదీ బాధ.

"సరే, వెళ్దువుగాని. ఆ దీపం గరిటె కడిగిపెట్టి పో," అన్నాడు గురువు. తనూ కర్ర పట్టుకుని వెంట నడిచాడు.

కొండ కింద చిన్న మడుగు. దీపాల్లో నూనె పోసే గరిటెను రోజూ నందిసేనుడు కడిగేది అక్కడే. నిద్రకళ్లతో ముంచి, దులిపి, పరుగెత్తేవాడు. ఇవాళ ఆఖరిసారి కదా, కాసేపు చూస్తూ కూర్చున్నాడు.

గాలికి మడుగంతా అలలు. గరిటె కొస నుంచి నూనె బొట్టు ఒకటి జారి నీళ్ల మీద పరుచుకుంది. దాని చుట్టూ అలలు పడుకున్నాయి. రెల్లు ఇంకా ఊగుతూనే ఉంది, నీళ్ల మీద నునుపు మాత్రం అవతలి గట్టు దాకా పాకింది. ఆకాశం వచ్చి అందులో కూర్చుంది. నందిసేనుడికి తను ఎందుకొచ్చాడో కూడా గుర్తులేదు.

ఇంకాస్త పోస్తే ఆ పొర గట్టిపడుతుందేమోనని గరిటె వంచాడు. ఆశ మరి. ఈసారి పోసిన నూనె ఎటూ పరుచుకోలేదు. పులుసు మీద తేలినట్టు గుండ్రంగా నిలబడిపోయింది.

ఇంతలో గట్టు మీంచి కప్ప దూకింది. నీళ్లు చిట్లాయి. చూస్తూండగానే మళ్లీ కలిసిపోయాయి. తనూ ఒక రాయి విసిరాడు. మళ్లీ అంతే.

"ఈ నూనె పొర ఎంత మందం ఉంటుంది, భంతే?"

"ఇంతకంటే పల్చన ఇంకేదీ ఉండదు."

"మరి చిరగదేం?"

"పేరిన నెయ్యిలో ఎప్పుడైనా వేలు గుచ్చావా?"

గుచ్చాడు, చిన్నప్పుడు. ఆ గుంట అలాగే ఉండిపోయి అమ్మకి దొరికిపోయాడు.

అప్పుడే పైనుంచి వంటాయన కేక వినిపించింది. "ఓ దీపాలాయనా! ఒత్తులు ఎండలో పడేసి ఎక్కడ చచ్చావు? కాకులెత్తుకుపోతున్నాయి!"

నందిసేనుడికి గుండెలో చివుక్కుమంది. మామూలే. లేవబోయినవాడు ఆగి, నీళ్ల వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ చివుక్కు కూడా నీళ్లలాగే మెల్లగా సర్దుకుంది.

కాసేపటికి అప్పగించాలని తెచ్చిన పాత్రలోనే గరిటె వేసుకుని లేచాడు.

"వస్తున్నా," అని కేకేసి మెట్లెక్కాడు.