గన్నేరుపాటివారి పన్నెండు తరాలు

చింతలకోట రాజు భూపాలరాయుడికి ఆ ఉదయం ఇంటిపేర్ల మీదికి మనసు పోయింది.

"కొలువులో ప్రతివాడూ తన ఇంటిపేరు ఎలా వచ్చిందో చెప్పాలి. నాకు నచ్చేలా చెప్పినవాడు ఏం కోరినా ఇస్తాను" అనేశాడు. ముందు మాట ఇవ్వడం, తరవాత ఆలోచించడం ఆయన అలవాటు.

ఉప్పువారు తొమ్మిది తరాల కిందట తమ మూలపురుషుడు ఎద్దుల మీద ఉప్పు మోసి అమ్మాడన్నారు. పిల్లివారి పెద్దాయన మాత్రం తమది మొదట్లో పులేననీ, ఏదో కరువులో తిండి లేక అలా చిక్కిపోయిందనీ చెప్పాడు. రాజు పగలబడి నవ్వాడు. పక్కనే మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డ అంకన్నకీ నవ్వొచ్చింది గానీ, నీళ్ళు తొణుకుతాయని బిగబట్టుకున్నాడు.

అప్పుడు లేచాడు గన్నేరుపాటి శరభయ్య. రాజుగారితో వేటకి వెళ్తాడు, విందులో పక్కన కూర్చుంటాడు. తన వంశం గురించి అడగకపోయినా చెబుతాడు.

"ప్రభూ, ఇక్కడికి రెండామడల దూరంలో గన్నేరుపాడు ఉంది. ఆ ఊరి పేరే మా ఇంటిపేరు. అంటే ఆ ఊరు మాదేగా! ఆ ఊరే నా బహుమానంగా ఇప్పించండి. అక్కడివాళ్ళు నాకు కౌలు కడితే ఉండనిస్తాను, లేకపోతే పొమ్మంటాను."

గుమ్మం దగ్గర ధబ్బుమని చప్పుడైంది. నాగళ్ళ పోలమ్మ చేతిలోని గుమ్మడికాయ జారి పడింది. ఆమెది గన్నేరుపాడే. ఏటా తొలికాపు గుమ్మడికాయలు కోటకి తెస్తుంది.

"అదేంది దొరా! మా తాతలు అడివి కొట్టి చేసుకున్న పొలాలు. మా తాత తవ్విన చెరువు. ఈ వయసులో యాడికి పోతాం?"

రాజు ఇబ్బందిగా కదిలాడు. "పత్రం ఏమైనా ఉందా అవ్వా?"

"ఇన్నేళ్ళలో ఎవురూ అడగలా బాబూ."

శరభయ్య మీసం దువ్వాడు. "మీ ఊళ్ళో గన్నేరుపాటివాళ్ళు ఎంతమంది?"

"ఒక్కరూ లేరయ్యా."

"విన్నారా ప్రభూ! ఊరి పేరే లేనివాళ్ళకి ఊరెక్కడిది?"

కొలువంతా తల ఊపింది. కొలువంతా మెచ్చాక నచ్చలేదనలేక, ఇచ్చిన మాట గొంతుకి అడ్డం పడి, రాజు నీళ్ళకి చెయ్యి చాచాడు. అంకన్న పోలమ్మ ముఖం వైపు చూశాడు. చెంబు మాత్రం ఇవ్వలేదు.

"ప్రభూ, ఒక్క సందేహం. శరభయ్యగారూ, ఈ ఇంటిపేరు మీకు మీ నాన్నగారి నుంచేనా?"

"నాన్న ఏమిట్రా! ఏడు తరాలుగా ఉంది!"

"ఏడేనా! ఉప్పువారు తొమ్మిదన్నారే."

శరభయ్య ముఖం ఎర్రబడింది. "పన్నెండు! పన్నెండు తరాలుగా మమ్మల్ని గన్నేరుపాటివారనే పిలుస్తున్నారు. తాటాకుల్లో రాసి ఉంది. కావాలంటే ప్రమాణం చేస్తాను!"

చేశాడు కూడా. రాయసగాడు రాసుకున్నాడు.

అంకన్న చెంబు పైకెత్తాడు. "ప్రభూ, దీన్నేమంటారు?"

"కాశీ చెంబు. నేనే తెచ్చాను కదరా."

"మరి కాశీలో దీన్నేమంటారు?"

"చెంబంటారు. కాశీలో నిలబడి కాశీ చెంబు అంటే నవ్వరూ?" అని రాజు అక్కడే ఆగిపోయాడు.

పోలమ్మకి రాజు కంటే ముందే అర్థమైంది. "అవును దొరా! మా కోడలికి పుట్టింట్లో సుబ్బులని పేరు. మా ఊరొచ్చాక అందరూ దాన్ని కాకర్లపాలెం పిల్లంటారు!"

అంకన్న శరభయ్య వైపు తిరిగి వినయంగా తల వంచాడు.

"గన్నేరుపాడులో అందరూ గన్నేరుపాడువాళ్ళే, అందుకే అక్కడ ఎవరికీ ఆ పేరు అక్కర్లేదు. అది ఊరు వదిలి వచ్చినవాళ్ళకి పక్కూరివాళ్ళు పెట్టే పేరు. తమరు వదిలి పన్నెండు తరాలైందని తమరే ప్రమాణం చేశారు!"

ముందు పిల్లివారి పెద్దాయన కిసుక్కుమన్నాడు. అంతే, కొలువు కొలువంతా గొల్లుమంది. శరభయ్య మీసం మీది చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

రాజుగారికి ప్రాణం లేచివచ్చింది. గన్నేరుపాడు భూములు అక్కడివాళ్ళవేనని అప్పటికప్పుడే పత్రం రాయించి పోలమ్మ చేతిలో పెట్టాడు. తన చేతి కడియం తీసి అంకన్నకి తొడిగాడు. "ఆ చెంబు కూడా నీదేరా. ముందు నాకు నీళ్ళియ్యి!" అన్నాడు.

పోలమ్మ కళ్ళు తుడుచుకుని, పత్రం కొంగున ముడేసుకుని, తల వంచుకు నిలబడ్డ శరభయ్యని చూసింది. ఆమెకి జాలేసింది.

"ఆ అయ్యని కూడా ఓ పూట మా ఊరు పంపండి దొరా. పన్నెండు తరాలైంది పాపం, దారి మరిచిపోయుంటాడు. గుమ్మడికాయ పులుసు వండి పెడతాం, తిని మళ్ళీ కోటకొచ్చేస్తాడు!"